పాకంలో నిలిచిన వెలుగు

వట్లూరులో మా పక్కింటి కెమిస్ట్రీ మాస్టారు కిందటి నెల కన్నుమూశారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు సగం చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారట. అంతే. వార్త విని ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. ఆయన్ను తలుచుకుని నవ్వకుండా ఉండటం నా వల్ల కాదు, సోదరులారా.

నేను పెదవేగి ఆయిల్‌పామ్ తోటల్లో ట్రాక్టరు తోలుతూ, సీటు కింద బైబిలు పెట్టుకుని చదువుకుని పాస్టరునైనవాణ్ణి. ఆయన తాడేపల్లిగూడెం బట్టల వ్యాపారుల ఇంట పుట్టి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవారు. రోజూ గుడికి వెళ్లేవారు. మా మధ్య ఉన్నది ఒక పిట్టగోడ. నేను ప్రసంగం సాధన చేస్తుంటే దాని మీద మోచేతులు ఆనించి వినేవారు.

"ఏవండీ, దేవుడికి చెవుడు లేదు కదండీ. కాస్త నెమ్మదిగా చెప్పండి."

ఒకసారి మండవల్లి ప్రార్థన షెడ్డు కోసం, ఉప్పుగా బతకాలి, వెలుగుగా బతకాలి అని గర్జిస్తున్నాను. "ఉప్పే వెలుగును ఆర్పుతుందండి, రండి చూపిస్తాను" అన్నారు. టానిక్ వాటర్ అనే చేదు సోడా గ్లాసులో పోసి, వాళ్ల తమ్ముడి షాపు నుంచి తెచ్చిన దొంగనోట్లు పట్టే లైటు వేశారు. నీళ్లు నీలంగా వెలిగాయి. చెంచాడు ఉప్పు కలిపారు. వెలుగు మసకబారింది, దాంతోపాటు నా ప్రసంగమూను.

"కంగారు పడకండి. ఇందులో క్వినైన్ అనే చేదు మందు ఉంది. దాని కణం వెలుగును పట్టుకుని ఉండేది రెప్పపాటులో కోటోవంతు. ఆలోపు ఉప్పు కణం వచ్చి తాకిందా, వెలుగు పోయినట్టే. నీళ్లలో చులాగ్గా వచ్చేస్తుంది. చక్కెర పాకంలో అయితే, సంతలో జనాన్ని తోసుకుంటూ నడిచినట్టే. అది వచ్చేలోపు వెలుగు బయటపడిపోతుంది."

ఇది నా జనం చూడాలన్నాను. మాస్టారు భార్య వైపు చూశారు. "పాకం నేను పట్టి ఇస్తాను, వెళ్లి రండి" అన్నారు అమ్మగారు.

ఉప్పుకు లొంగని వెలుగు చూపిస్తానని వారమంతా మండవల్లిలో కేకలేసి చెప్పాను. ఆదివారం చేపల చెరువుల మీద పనిచేసే వాళ్లంతా వచ్చారు. టార్పాలిన్లు దించి చీకటి చేశాం. అందరికీ కనబడాలని మావాళ్లు ముందే టానిక్ వాటర్‌ను గాజు జాడీలో పోసి నీళ్లు కలిపి ఉంచారు. లైటు వేస్తే ఏమీ లేదు.

"అయ్యగారి వెలుగు కరెంటు కోతకు పోయినట్టుందండి" అన్నాడొకడు వెనక నుంచి. షెడ్డంతా నవ్వు. నేను ఇచ్చిన మాట, నన్ను నమ్మి మొదటిసారి మా మెట్టెక్కిన మాస్టారి పరువు, రెండూ ఆ జాడీలోనే ఉన్నాయి.

మాస్టారు వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. "ఈ నీళ్లెక్కడివండీ?"

"మా బోరువేనండి. క్యాను నీళ్లు టీకి ఉంచామండి" అంది ఒకావిడ.

కొల్లేటి పక్క బోరు, ఉప్పు నీళ్లు. మాస్టారు కడుపుబ్బ నవ్వారు. "నా ఉప్పు దండగ. మీ ఊరే కలిపేసింది."

జాడీలోది రెండు గ్లాసుల్లో సమంగా పోశారు. ఒకదాంట్లో క్యాను నీళ్లు, రెండోదాంట్లో అంతే పాకం పోసి బాగా కలిపారు. లైటు వేశారు. మొదటిది మసకగానే ఉంది. రెండోది నీలంగా లేచింది.

"ఉప్పు ఎక్కడికీ పోలేదండి. నడక నెమ్మదించింది, అంతే" అన్నారు.

ఇక నన్నెవరు ఆపగలరు? శ్రమలు తీసేయమని అడగకండి, మీ వెలుగు బయటపడేంత చిక్కదనం అడగండి అన్నాను. ఆ రోజు ఆమెన్ కొల్లేరంతా వినబడి ఉంటుంది. అప్పటినుంచి మాస్టారు నన్ను "ఉప్పుగారూ" అనే పిలిచేవారు.

కర్మకాండలన్నీ అయ్యాక, మొన్న ఆదివారం అమ్మగారు పిట్టగోడ మీద స్టీలు గిన్నె పెట్టారు. "ఆ వెలుగు మళ్లీ చూపించమని మీవాళ్లు అడుగుతున్నారట కదండీ. తీగపాకం కాకముందే దించాను, ఆయన చెప్పినట్టే."

ఆయన లేకుండా వెలుగుతుందా అనుకుంటూ గిన్నె ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. షెడ్డులో టానిక్ వాటర్‌లోకి బోరు నీళ్లే అడిగి పోయించుకున్నాను. పాకం ఒంపి కలిపి, లైటు వేశాను. ఈసారి కేక వేయలేదు. గ్లాసు నీలంగా వెలుగుతుంటే, ముందు వరుసలో ముఖాలు ఒక్కొక్కటే ఆ వెలుగులోకి వంగాయి.