మేం వేసిన కేవియట్

ఏ సంగతైనా సగం తెలుసుకుని ఊరుకోవడం నా వల్ల కాదు. వీధిలో ఎవరైనా రేడియో విప్పి బాగుచేస్తుంటే మళ్లీ బిగించేదాకా అక్కడే నిలబడేదాన్ని. మా అమ్మ దీన్ని జబ్బు అనేది. నాన్న హైకోర్టులో గెలిచిన ఏడాది ఆ జబ్బు మా ఇంటి మీదికే వచ్చింది.

మాది అద్దంకి దగ్గర ఊరు. మా మిరప చేను రోడ్డు పక్కన ఉండదు. రోడ్డుకీ మాకూ మధ్య ఉన్న చేను, ఊరి వరసకి నాకు బాబాయి అయ్యే ఆయనది. ఆయన గట్టు వెంట బండి దారి ఉంటేనే మా చేలోకి ఎరువు వెళ్లేది, కాయ బయటికి వచ్చేది. ఒక ఏడు ఆయన ఆ దారి దున్ని పత్తి పెట్టాడు. అప్పట్నుంచీ మా మిరప బస్తాలు కూలీల నెత్తిన గట్లు దాటి రోడ్డుకి చేరేవి. అద్దంకి కోర్టు, ఒంగోలు కోర్టు అయ్యాయి. చివరికి హైదరాబాదులో దారి మాదేనని తీర్పు వచ్చింది.

నాన్నకి కుదురుగా సంతోషపడటం చేతకాదు. తీర్పు చేతికి రాగానే నన్ను వెంటబెట్టుకుని అద్దంకిలో మా లాయరు గారి దగ్గరికి వెళ్లాడు. నేనప్పుడు అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను.

"వాడు సుప్రీంకోర్టుకి పోతే ఎట్టాగండీ? మనకి తెలీకుండా స్టే తెచ్చుకుంటే మళ్లీ మొదటికొచ్చుద్ది గదా," అన్నాడు నాన్న.

"అందుకే ముందుగా మనం కేవియట్ వేద్దామండి. ఆయన పిటిషన్ వేస్తే, మన మాట వినకుండా ఏ ఆర్డరూ ఇవ్వొద్దని చెప్పుకోవడం అన్నమాట," అన్నారు లాయరు గారు. ఢిల్లీలో ఆయనకు తెలిసిన లాయరు ఒకరున్నారు. తీర్పు నకలూ, నాన్న సంతకం పెట్టిన వకాల్తా కాగితమూ కొరియర్లో వెళ్లాయి. కేవియట్ కాపీ ఒకటి ఎదుటి పార్టీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతారని కూడా లాయరు గారు చెప్పారు.

"పంపితే, ఢిల్లీ వెళ్లొచ్చని మనమే ఆయనకి చెప్పినట్టు కాదాండీ?" అన్నాను.

లాయరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రూలమ్మా," అన్నారు.

ఆ కవరు పట్టుకుని బాబాయి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. మా వీధిలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, బ్యాంకు నోటీసైనా పురుగుమందు డబ్బాలో చీటీ అయినా, చదవడానికి నా దగ్గరికే తెచ్చేవాళ్లు. కోర్టు గొడవ మొదలయ్యాక కూడా బాబాయి ఆ అలవాటు మానలేదు. నాన్న ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చేవాడు, అంతే.

"ఇదేందో చూడమ్మాయ్. ఢిల్లీ నుంచి వచ్చింది."

'కేసు అయిపోయిందని రాశారు బాబాయ్' అని నేను అబద్ధమాడి ఉంటే తలూపి వెళ్లిపోయేవాడు. నీతి కోసం నిజం చెప్పానంటే కోతలు కోసినట్టే. మా గట్టు మీది బండి దారి గురించి దేశంలోకెల్లా పెద్ద కోర్టు ఏమంటుందో తెలుసుకోవాలని నాకే మహా ఇదిగా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంటే ఇంకా పైకోర్టుందా? మా లాయరు ఇక అయిపోయిందన్నాడే! నేను ఢిల్లీ పోతానని మీ నాన్న అనుకున్నాడా?" ఆయన ముఖంలో కోపం లేదు. సన్మానానికి పిలుపొచ్చినవాడిలా మీసం సవరించుకున్నాడు. "అయితే పోవాల్సిందే."

సంగతి విని అమ్మ, "కొరివితో తల గోక్కోవడమంటే ఇదే," అంది. నాన్న ఎగిరెగిరి పడ్డాడు. నన్నూ, లాయరునీ, పోస్టుమాన్‌నీ కలిపి తిట్టాడు.

అంతటితో అవలేదు. కింది కోర్టులో సాక్షులు తెలుగులో చెప్పిందంతా ఇంగ్లీషు చేసి పంపమన్నాడట బాబాయి పెట్టుకున్న ఢిల్లీ లాయరు. ఆ కాగితాల కట్ట కూడా నా దగ్గరికే వచ్చింది. రాసివ్వనా అని నాన్నని అడిగాను. కాసేపు నా వైపు గుర్రుగా చూశాడు.

"నువ్వు కాదంటే ఒంగోల్లో ఎవడో ఒకడు రాస్తాడు. ఉత్తరం గట్టుని దక్షిణం గట్టని రాశాడంటే మన చేను గంగలో కలుస్తది. నువ్వే రాయి."

రాశాను. సాక్షుల కేకలూ తిట్లూ ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నట్టు తయారయ్యాయి. తర్వాత బాబాయి వేసిన పిటిషన్ కాపీ మాకు వస్తే పేజీ పేజీ వెతికాను. ముందు తేదీల పట్టిక, ఆ వెనక చట్టపరమైన ప్రశ్నలు, ఏవో పాత తీర్పులు. మిరపకాయ అన్న మాట ఎక్కడా కనపడలేదు. దారి లేకపోతే కాయ ఎలా వస్తుందో అడగకుండా దారి గురించి ఏం తేలుస్తారా అని నాకు భలే ఆశ్చర్యం వేసింది.

"ఇందులో రెస్పాండెంటంటే నేనేనా?" అన్నాడు నాన్న.

"నువ్వే. జవాబు చెప్పుకోవాల్సిన పార్టీ అని."

"పేరు బానే ఉంది," అన్నాడు. కానీ ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. స్టే వస్తే ఈ పంట కూడా నెత్తి మీదే మోయించాలి.

విచారణకి బాబాయి స్వయంగా రైలెక్కాడు. గెలిచినవాణ్ణి నేనెందుకు పోవాలని నాన్న ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి లాయరు గారికి ఫోన్ చేశాను. పిటిషన్ కొట్టేశారు. దారి మాదే. పరుగున వచ్చి చెబితే నాన్న ఊపిరి పీల్చుకుని, వెంటనే, "ఏమన్నారంట?" అన్నాడు.

"కొట్టేశారు నాన్నా."

"అది సరే. ఏమన్నారంట?"

అంతకుమించి నాకూ తెలియదు.

బాబాయి ఊళ్లోకి దిగీ దిగగానే సంచితోనే మా గుమ్మం ముందుకొచ్చాడు. నాన్న అరుగు మీదే ఉన్నా, నా వైపు చూసి మాట్లాడాడు.

"అమ్మాయ్, ఉన్న పత్తి ఏరంగానే దారి వదిలేస్తానని మీ నాన్నకి చెప్పు."

"జడ్జీలు ఏమడిగారో కనుక్కో," అన్నాడు నాన్న నాతోనే.

"ఏమడగలా. మా లాయరు లేచాడు, జడ్జి గారు కాగితం తిప్పి తల అడ్డంగా ఊపారు. మీ లాయరుకి నోరు తెరిచే పని కూడా పడలా. నేను వెనక నిలబడి కండువా సర్దుకునేలోపు వేరే కేసు పిలిచారు."

"మన దారి మాటే ఎత్తలేదా?" నాన్న నన్ను చూడటం మరిచిపోయాడు.

"లేదు." బాబాయి సంచి కింద పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు. "బయటికొచ్చి ఆ మెట్ల మీద కూచుంటే ఏడుపొచ్చింది. ఎవుడికి చెప్పుకోను? ఆ దారి ఎక్కడుందో తెలిసినోడు ఆ ఊళ్లో ఒక్కడు లేడు."

నాన్న అరుగు దిగి మెట్టు దగ్గరికి వచ్చాడు.

"చెబితే నేనూ వచ్చేవాణ్ణి గదరా," అన్నాడు.