దైవాధీనం బ్యాండులో నెమ్మది పాట

దైవాధీనం బ్యాండు అంటే ముగ్గురు మనుషులు, మూడు ఎర్ర కోట్లు. ఏదో సర్కసు కంపెనీ బందరులో దివాలా తీసినప్పుడు దొరికిన కోట్లవి. పెద్ద డ్రమ్ము వాయించే తోమాసుకు వచ్చిన కోటు భుజాల దగ్గర ఎక్కడికో పోయేది, చేతుల దగ్గర చాలేది కాదు. అది ఎలుగుబంటికి కుట్టించింది అయ్యుంటుందని దైవాధీనం పెళ్లాం సువర్ణ అనేది. తోమాసు ఆమెకు సొంత తమ్ముడే, అయినా అనేది. గుండీలు మాత్రం మూడింటికీ చిలకలపూడి గిల్టు బంగారమే. దూరాన్నుంచి చూస్తే రాజుగారి బ్యాండు. దగ్గరికొస్తే చెమట వాసన.

చిన్న డ్రమ్ము శోభనాద్రిది. వాయించడం కంటే మాట్లాడడం బాగా వచ్చినవాడు కనక పెళ్లిళ్లు కుదుర్చుకొచ్చే పనీ అతనిదే. క్లారినెట్టు దైవాధీనానిది. పల్టను బ్యాండులో పనిచేసి, ముసలితనాన బందరు చేరిన ఒకాయన దగ్గర నేర్చుకున్నాడు. సిపాయిలు కవాతు చేసే పాటలు తప్ప ఆయనకు ఇంకోటి రాదు, కాబట్టి ఇతనికీ రాలేదు. అన్నీ పరుగు పాటలే. వింటే పెళ్లివారు ఎవరిమీదికో యుద్ధానికి బయల్దేరినట్టు ఉండేది. పెళ్లంటే అంతేగదా అని ఎవరూ తప్పు పట్టలేదు.

మాఘమాసం వచ్చిందంటే ముగ్గురూ కాళ్లకు బలపాలు కట్టుకున్నట్టే. గుడివాడకు రైలు. పామిడిముక్కల వైపు కాలవ పడవ. దివిసీమకైతే చల్లపల్లి దాకా బస్సు, రేవులో బల్లకట్టు, అటుపైన ఎడ్లబండి. రైల్లో గార్డు పెద్ద డ్రమ్ముకు టిక్కెట్టేదని అడిగేవాడు.

"చంటిదండి, ఒళ్లో కూచుంటుంది" అనేవాడు శోభనాద్రి. గుడివాడ వచ్చేదాకా తోమాసు దాన్ని నిజంగానే ఒళ్లో పెట్టుకు కూర్చోవాల్సి వచ్చేది.

పెళ్లివారి ఊళ్లో వీళ్ల విడిది పశువుల కొట్టం. భోజనం అందరిదీ అయ్యాక, అదే కొట్టం చూరు కింద. పాట పందిట్లోకి వెళ్లొచ్చు, ఊదిన నోరు మాత్రం వెళ్లకూడదు. "గేదెలు నయం బావా, మధ్యలో లేచిపోవు" అని తోమాసు అక్కడే సాధన చేసేవాడు.

ఇంట్లో దైవాధీనానికి తల్లి ఉంది. రాహేలమ్మ. పెద్ద ఉప్పెన వచ్చిన నాలుగైదేళ్లకు పుట్టిన మనిషి. వయసులో ఉండగా మిషను దొర బంగళాలో ఊడ్చేది. అక్కడి దొరసాని పోతే సమాధుల తోటలో హార్మోనియం మీద ఒక పాట వాయించారు. మాటలు ఇంగ్లీషువి, ఆమెకు ఒక్కటీ అంటలేదు. రాగం మాత్రం అంటుకుంది. దంపేటప్పుడూ, విసిరేటప్పుడూ అదే కూనిరాగం. ఆ బంగళావాళ్లంతా ఇంగ్లీషు సీమకు వెళ్లిపోయాక బందరులో ఆ రాగం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. దైవాధీనం క్లారినెట్టు పట్టిన కొత్తల్లో తల్లి నోటినుంచి దాన్ని పట్టి వాయించి చూపించాడు. ఆమె తిరగలి ఆపి విన్నది.

"ఒరే, నేను పోయిన్నాడు ఇది వాయించాలి. అందాకా బయటికి తియ్యమాకు. పెట్టెలో చీరలాంటిది, కట్టావంటే నలుగుద్ది."

"అట్టాగే అమ్మా."

"అట్టాగే కాదు, మాటియ్యి. మీ నాన్న కలరాలో పోయిన్నాడు సమాధుల తోటకి బండిమీద తీసుకెళ్లాం. పెద్ద వీధంతా తలుపులేసుకుంది. ఒక్క మొహం బయటికి రాలా. బండి చక్రం కిర్రుమనటం తప్పితే చప్పుడు లేదు. నేనట్టా పోను."

దైవాధీనం మాట ఇచ్చాడు. చాన్నాళ్లు నిలబెట్టుకున్నాడు కూడా.

గుడివాడలో బియ్యం మిల్లు సోమేశ్వరరావుగారి కూతురి పెళ్లి. అప్పగింతలయ్యాయి. పొద్దున్నే పిల్లను పల్లకీలో ఎక్కించి స్టేషనుకు సాగనంపుతున్నారు. పల్లకీ మోసే బోయీలకు ఒక అలవాటు ఉంది, ముందు మేళం ఏ దరువు వేస్తే ఆ అడుగే వేస్తారు. దైవాధీనం తన ధోరణిలో పరుగు పాట అందుకున్నాడు. పల్లకీ కూడా పరుగు అందుకుంది. లోపల పిల్ల అటూ ఇటూ కొట్టుకుంటోంది. వెనక ఆడవాళ్లు ఏడవడానికి కూడా తీరిక లేకుండా చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెడుతున్నారు.

సోమేశ్వరరావుగారు రొప్పుతూ వచ్చి క్లారినెట్టుకు అడ్డం నిలబడ్డారు. "ఏవయ్యా, మేం పిల్లని సాగనంపుతున్నామా, తరుముతున్నామా? కాస్త నెమ్మదైంది వాయించు."

"నెమ్మది పాట లేదండి."

"నెమ్మది పాట లేని బ్యాండేమిటయ్యా?"

శోభనాద్రి జొరబడ్డాడు. "ఎందుకు లేదండీ, ఉంది. మా బ్యాండు మేస్త్రీకి కాస్త మొహమాటం."

"వద్దు బావా. అది అత్తమ్మది" అన్నాడు తోమాసు చిన్నగా.

పల్లకీ తెర తప్పించి పెళ్లికూతురు వాంతి చేసుకోవడానికి తల బయటపెట్టింది. దైవాధీనం చూశాడు. ఒక్కసారికి నలగదులే అనుకున్నాడు. చీర అరువిచ్చే ప్రతి ఆడదీ మొదటిసారి అలాగే అనుకుంటుంది.

పాట మొదలవగానే బోయీల కాళ్లకు బరువు తెలిసింది. పల్లకీ ఏనుగు నడకలో పడింది. ముందు పిల్ల ఏడ్చింది. తర్వాత తల్లి, పిన్నులు, అత్తలు. సోమేశ్వరరావుగారు ఉత్తరీయంలో మొహం దాచుకున్నారు. ఆఖరికి పెళ్లికొడుకు తల్లి కూడా ఏడ్చింది. ఆవిడ ఏడవాల్సింది తర్వాత, కోడలు కాపరానికొచ్చాక. కానీ పాట అలాంటిది.

స్టేషను ప్లాట్‌ఫారం మీద సోమేశ్వరరావుగారు ముగ్గురినీ దగ్గరకు పిలిచి, ముట్టుకోకుండానే మెచ్చుకున్నారు.

ఆ తర్వాత పాట కబురు ఊరూరా పాకింది. అప్పగింతలంటే ఆ పాట ఉండాలి. ఏడవని వియ్యపురాలు లేదు, ఏడిపించకపోతే బ్యాండు లేదు. చల్లపల్లిలో అడిగారు, పామిడిముక్కలలో అడిగారు. దైవాధీనం కుదరదంటే, గుడివాడవాళ్లకి కుదిరింది మాకు కుదరదా అన్నారు. శోభనాద్రి అతనికంటే ముందే ఒప్పేసుకుని వచ్చేవాడు. రెండో ఏడు వచ్చేసరికి మిగతా బ్యాండ్లూ, సన్నాయి మేళాలూ కూడా దాన్ని ఎత్తుకున్నాయి. బందరు వీధుల్లో ఏ పెళ్లి కదిలినా దొరసాని సమాధి పాటే కదిలేది. పసుపూ కుంకుమా పట్టుకుని ముత్తైదువలు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. పాట వినబడితే అక్షింతలు చేతిలోకి తీసుకోవడం అలవాటైపోయింది.

అప్పటికి రాహేలమ్మ కళ్లకు శుక్లాలు కమ్మాయి. అరుగు మీద కూర్చుని ఉండేది. ఒకరోజు వీధి చివర పాట వినపడగానే కొడుకుని పిలిచింది.

"ఎవరు పోయార్రా?"

దైవాధీనానికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఎవరో బజారువాళ్లమ్మా."

"చిన్నా పెద్దా?"

"పెద్దాళ్లేలే."

"పాపం. రా, ప్రార్థన చేద్దాం" అని ఆమె కళ్లు మూసుకుంది. వీధిలో పెళ్లికొడుకు గుర్రమెక్కి పోతుంటే, అరుగుమీద తల్లీకొడుకులు అతని ఆత్మశాంతికి తలలు వంచారు.

ఇక ముహూర్తాలున్నన్నాళ్లూ ఇదే తంతు. వైశాఖంలో ఒక్కోరోజు ప్రార్థనకూ ప్రార్థనకూ మధ్య మంచినీళ్లు తాగడానికి వ్యవధి ఉండేది కాదు.

"బందర్లో మళ్లీ కలరా గాని తగిలిందంట్రా?" అని అడిగేది రాహేలమ్మ.

"అట్టాటిదేనమ్మా" అనేవాడు దైవాధీనం. అంట్లు తోముతూ సువర్ణ, "ఏవయ్యా, ఈసారి పంచాంగం చూసి చెప్పు, ఇంకెంతమంది పోవాలో" అనేది. అత్తకు మాత్రం చెప్పలేదు. చెబితే అంట్లతోపాటు ఆ గొడవా తనే తోముకోవాలి.

దైవాధీనానికి మనసులో ముల్లు గుచ్చుకునే ఉంది. తల్లి పోయిన్నాడు ఏం వాయించాలి? ఆ పాటే వాయిస్తే జనం నవ్వుతారు. ఇంకోటి వాయిస్తే మాట తప్పినట్టు. రాత్రిళ్లు పశువుల కొట్టాల్లో పడుకుని కొత్త నెమ్మది పాట ఒకటి కట్టాలని చూశాడు. ఎలా మొదలెట్టినా నాలుగు అడుగుల తర్వాత కవాతులోకి దిగేది.

మూడో ఏడు మాఘంలో అవనిగడ్డ పెళ్లికి బయల్దేరుతూ తల్లి దగ్గరికి చెప్పడానికి వెళ్లాడు. ఆమెకు కొద్దిరోజులుగా ఒంట్లో బాగాలేదు. మంచంమీద ఉంది.

"ఒరే, ఒక్క మాట చెప్పు. బందర్లో ఈ మధ్య శవాలకి తారాజువ్వలు వేస్తున్నారా?"

దైవాధీనం కోటు గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు.

"కళ్లు పోతే చెవులు కూడా పోయాయనుకున్నావా? రెండేళ్లబట్టి ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ నా చేత ఆత్మశాంతి ప్రార్థన చేయించావు. పోన్లే, నష్టం లేదు. ముందుముందు వాళ్లకి పనికొస్తుంది."

"మొదటిరోజే తెలుసా అమ్మా?"

"తెలీక? నువ్వు ఎన్నాళ్లు అబద్ధమాడతావో చూద్దామని. మీ నాన్న రెండు రోజులకంటే ఎక్కువ ఆడలేకపోయేవాడు."

దైవాధీనం మంచం పక్కన కూలబడ్డాడు. "నీకు కొత్తది నేర్చుకుంటానమ్మా. ఇంతకంటే మంచిది."

"నాకు కొత్తదొద్దు. నలిగినా నా చీరే నాకు కావాలి. అదే వాయించు. ఇంకోటి వాయించావంటే లేచి కూచుంటా."

అవనిగడ్డలో పెళ్లి నరసింహంగారింట్లో. తెల్లారి అప్పగింతలు మొదలయ్యే వేళకు, మొదటి బస్సుకు వచ్చి రేవు దాటిన మనిషి కొట్టం దగ్గరికి వచ్చాడు. సువర్ణ పంపింది. నిన్న పొద్దు గుంకే వేళ రాహేలమ్మ పోయింది. ఎండలు లేవు గనక సాయంత్రం దాకా ఉంచుతారు.

దైవాధీనం వెళ్లి దూరంగా నిలబడి నరసింహంగారికి చెప్పుకున్నాడు.

"అయ్యో, ఎంత పని జరిగిందయ్యా" అన్నారాయన. ఆ వెంటనే గొంతు తగ్గించారు. "ఈ మాట పందిట్లో పొక్కనీకు, అశుభం. అప్పగింతలు కానిచ్చి నీ దారిన నువ్వు వెళ్లు. ఎటూ అదొక్క పాటేగా."

దైవాధీనం వాయించాడు. తోమాసు డ్రమ్ము మీద కర్ర ఆనించాడే గాని కొట్టలేదు. శోభనాద్రి డ్రమ్ము కర్రలు చంకలో పెట్టేసుకున్నాడు. ఆవేళ వాయించినట్టు దివిసీమలో ఇంకే పెళ్లికీ ఎవరూ వాయించలేదని తర్వాత జనం చెప్పుకున్నారు. వియ్యాలవారు మురిసిపోయి, జరీ కండువా ఒకటి తెప్పించి క్లారినెట్టుకు కట్టించారు.

దాన్ని విప్పాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. బల్లకట్టు, చల్లపల్లి, బస్సు. ఎర్రకోట్లతో, జరీ కండువాతో ముగ్గురూ బందరులో దిగేసరికి మూడో జాము దాటింది.

పెట్టె సిద్ధంగా ఉంది. పాస్టరుగారు దైవాధీనాన్ని పక్కకు తీసుకెళ్లారు.

"ఏం వాయిస్తావు బాబూ?"

చెప్పాడు.

"అది పెళ్లిపాట కదయ్యా. సమాధుల తోటకి పెళ్లిపాటతో వెళ్తే సంఘం నవ్వదూ?"

"అది సమాధి పాటేనండి. దాన్ని పెళ్లిపాట చేసింది నేను."

"నాకు తెలిసినంతవరకు..." అంటూ పాస్టరుగారు మొదలుపెట్టేలోపు సువర్ణ తడి చేతులు తుడుచుకుంటూ అడ్డం వచ్చింది.

"అయ్యగారూ, అది వాయించకపోతే మా అత్త లేచి కూచుంటానంది. అన్నమాట తప్పే మనిషి కాదు. మీ ఇష్టం మరి."

పాస్టరుగారు పెట్టె వైపు ఒకసారి చూసి, బైబిలు చంకలో పెట్టుకుని ముందుకు నడిచారు.

సమాధుల తోటకు పెద్ద వీధి గుండానే దారి. మలుపు తిరగగానే దైవాధీనం క్లారినెట్టు ఎత్తాడు. మొదటి వరస పూర్తి కాకముందే ఎడమవైపు ఒక తలుపు తెరుచుకుంది. కుడివైపు రెండు. ఆ వెనక వరసగా గడియలు తీసిన చప్పుళ్లు. ఆడవాళ్లు తడి చేతులతో, చంకన పిల్లలతో గుమ్మాల్లోకి వచ్చేశారు. మొదటి గుమ్మంలోని పెద్దావిడకు చూపు తక్కువ, అలవాటు ఎక్కువ. జరీ కండువా మెరుపు చూసి, పక్కనుంచి పోతున్నదాని మీద గుప్పెడు అక్షింతలు చల్లేసింది. అవి టపటపమని పెట్టె మీద పడ్డాయి.

"పెళ్లికూతురు ఏదే?" అంది.

పక్కనున్న కోడలు ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. పెద్దావిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కానీ లోపలికి వెళ్లలేదు. వెళ్తే బాగుండదని ఆగిందో, పాట అయ్యేదాకా ఉందామనుకుందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ నిలబడ్డారు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క తలుపు మూసి లేదు.

దైవాధీనం అడుగు ఇంకా నెమ్మది చేశాడు. పెట్టె మోసేవాళ్లూ నెమ్మదించారు. బోయీలైనా వాళ్లైనా మోసే కాళ్లన్నీ ఒకటే. శోభనాద్రి పక్కకు వచ్చి గొణిగాడు.

"మేస్త్రీ, ఈ లెక్కన పొద్దుగూకినా వీధి దాటం."

దైవాధీనం క్లారినెట్టు నోట్లో ఉంది గనక జవాబు తోమాసు చెప్పాడు.

"దాటకపోతే ఏం? ముహూర్తం మించిపోతుందా?"