ఎమ్మెల్యేగారికి వేసిన కుర్చీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుర్చీలకి కొదవ లేదు. తాతయ్య కాకినాడ నుంచి తెప్పించిన పేము కుర్చీలు నాలుగు, చెక్క కుర్చీలు ఆరు, నా చదువు కోసం చేయించిన చిన్న కుర్చీ ఒకటి. ఎప్పుడు చూసినా అరుగు మీద సగం ఊరు కూర్చుని ఉండేది. ఎమ్మెల్యేగారు వచ్చే రోజున మాత్రం మా అరుగు మీద ఒక్క కుర్చీ కూడా కనిపించేది కాదు.

మాది అమలాపురానికి దక్షిణాన, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉన్న ఊరు. ఇదంతా తొంభైల నాటి మాట. ఏ నియోజకవర్గమో చెప్పను, ఇప్పుడది లేదు కూడా. ఎస్సీలకి రిజర్వు చేసిన సీటు. అంటే పోటీ చేసేదీ గెలిచేదీ ఊరి చివర పేటల్లోని మనుషులు. ఎవరు పోటీ చెయ్యాలో తేల్చేది మాత్రం మా అరుగులాంటి అరుగుల మీద. పదేళ్ల పిల్లని, నాకేం తెలుసు ఈ గొడవంతా? కాలవ వంతెన మీద జీపు చప్పుడు వినబడగానే తాతయ్య నా వైపు చూసి, "పాపా, కుర్చీలు" అనేవారు. అంతే. నేనూ మా అత్తయ్యా కలిసి వాటిని గబగబా గాదెల గదిలోకి చేరవేసేవాళ్లం. తాతయ్య ఉయ్యాలబల్ల మీద ఉండేవారు. మిగతా పెద్దమనుషులు స్తంభాలకి ఆనుకుని నిలబడేవారు. అందరూ నిలబడ్డాక వచ్చినాయనా నిలబడేవారు. 'కూర్చోవద్దు' అనే మాట మా తాతయ్య నోట ఏనాడూ రాలేదు. ఆ అవసరం రానిచ్చేవారు కాదు.

మర్యాదకి లోటేం లేదండోయ్! చెట్టు దింపించి, బొండాం కొట్టించి చేతికిచ్చేవారు. కోనసీమలో అంతకన్నా మర్యాద ఏముంది? బొండానికి గ్లాసు అక్కర్లేదు, తాగాక కడగక్కర్లేదు, పారేస్తే సరి. ఈ లెక్క నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అర్థమైన రోజున అన్నం సయించలేదు.

మా నియోజకవర్గం చరిత్ర తాతయ్య కథలా చెప్పేవారు. మొదటాయన సైకిలు మీద వచ్చి, వాకిట్లో కొబ్బరికాయల రాశి పక్కన నిలబడి మాట్లాడి వెళ్లేవారట. రెండో ఆయన రెండుసార్లు గెలిచారు. ఆయన అరుగు మెట్టు దాకా వచ్చేవారట. మూడో ఆయన మెట్టెక్కి, అరుగు మీద స్తంభం దగ్గర నిలబడ్డారు. "చూశావుటే, కాలం ఎంత మారిపోయిందో!" అనేవారు తాతయ్య, తన మంచితనానికి తనే మురిసిపోతూ. వాకిటి నుంచి స్తంభం దాకా వచ్చేసరికి పాతికేళ్లు పైగా పట్టింది.

ఆ మూడో ఆయనే మా మేష్టారు. నాకు రెండో తరగతిలోనూ మూడో తరగతిలోనూ పాఠాలు చెప్పారు. బడిలో ఆయన గదిలోకి వస్తే లేచి నిలబడేవాళ్లం. నేను లీడర్ని కాబట్టి ఆయన కుర్చీ తుడిచి వెయ్యడం నా వంతు. నా పక్కన పేట పిల్ల ఒకతి కూర్చునేది. చక్కటి దస్తూరి, వంకర నవ్వు. మేష్టారు ఎమ్మెల్యే అయిన రోజున ఆ పిల్లా నేనూ బడి చుట్టూ పరిగెత్తాం. మా ఇద్దరికీ ఆయన సొంతం అనిపించింది.

గెలిచిన రెండో ఏడు ఆయన ఒకే ఒక్క పని మీద మా ఇంటి చుట్టూ తిరిగారు. పేట పల్లంలో ఉండేది. గాలివాన వస్తే నడుంలోతు నీళ్లు. ప్రభుత్వం తుఫాను షెల్టరు ఒకటి మంజూరు చేసింది. దానికి పది సెంట్ల మెరక కావాలి. పేటకి దగ్గర్లో మెరక అంటే కాలవగట్టు పక్కన మా కొబ్బరి డొక్కలు, అదే పీచు తొక్కలు, పోసుకునే జాగా ఒక్కటే. తాతయ్య ఊఁ అంటే కట్టేస్తారు. ఉగాది వెళ్లేలోగా జాగా చూపించకపోతే షెల్టరు ఇంకో ఊరికి పోతుంది. రెండుసార్లు వచ్చారు మేష్టారు. రెండుసార్లూ బొండాం తాగి వెళ్లారు.

మూడోసారి వచ్చినప్పుడు ఆయనకి జ్వరం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఓ చెయ్యి స్తంభం మీద వేసి నిలబడ్డారు. "ఏం మేష్టారూ, ఎండనపడి వచ్చేవు?" అన్నారు తాతయ్య. మేష్టారూ అంటూనే నువ్వు అనేవారు. "ఆయ్, అదేనండి బాబుగారూ, ఆ జాగా సంగతే..." అని మొదలుపెట్టారాయన. తాతయ్య మలికిపురంలో కొబ్బరి ధర ఎత్తుకున్నారు. అక్కడి నుంచి ఈ ఏటి దింపు, కొమ్ము పురుగు, దళారుల మోసం. మేష్టారు అన్నిటికీ "ఆయ్" అంటూనే ఉన్నారు. రెండో చెయ్యి కూడా స్తంభానికి వేసి ఆనుకోవడం నాకు కనబడుతోంది. నేనేం ఆలోచించలేదు, ఒట్టు. బడిలో అలవాటే కాళ్లని లాక్కుపోయింది. గాదెల గదిలోకి పోయి నా చిన్న కుర్చీ తెచ్చి, పావడా అంచుతో తుడిచి, ఆయన వెనకాల వేశాను.

మేష్టారు వెనక్కి తిరిగి కుర్చీని చూశారు, నన్ను చూశారు. చెయ్యి కుర్చీ వీపు మీదకి వెళ్లింది కూడా. మళ్లీ తీసేశారు. "వద్దు తల్లీ, జీపులో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. నిలబడితేనే సుఖంగా ఉంది" అని నవ్వారు. జ్వరంతో వణికిపోతున్న మనిషి! తాతయ్య కూడా నవ్వి, "సరేలే, జాగా సంగతి కార్తీకం వెళ్లాక చూద్దాం" అన్నారు.

ఆయన వెళ్లిపోయాక తాతయ్య నన్ను తిట్టలేదు. దగ్గరికి తీసుకుని, తల నిమిరి, చాలా మెత్తగా చెప్పారు. "ఇవాళ ఇచ్చేద్దామనే అనుకున్నానే. నువ్వు కుర్చీ వేసేవు కదా! ఇవాళ కుర్చీ అంటే రేపు కంచం అంటారు. నీ వల్లే చెడింది పని." పదేళ్ల పిల్లకి ఆ మాట చాలు. మర్నాడు బడిలో ఆ పేట పిల్ల, "షెల్టరు కట్టేత్తారంట కదే!" అని అడిగితే తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో ఇప్పటికీ తెలీదు.

ఉగాది వెళ్లింది, షెల్టరు ఇంకో ఊరికి పోయింది. కార్తీకం వెళ్లలేదు, తుఫాను వచ్చింది. మాది డాబా ఇల్లు, తలుపులు బిగించుకుని కూర్చున్నాం. పేటలో వాళ్లు నీళ్లు ఎక్కుతుంటే బడికి పరిగెత్తారు. బడిది పెంకుల కప్పు. పెంకులు ఎగిరిపోయాయి, తర్వాత మేం కూర్చునే గది గోడ లోపలికి పడింది. ఆ గోడ కింద నా పక్కన కూర్చునే పిల్లా, వాళ్లమ్మా పోయారు. ఇంకా నలుగురు పోయారు. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు దువ్విన జుట్టులా ఒకే వైపు పడుకుని ఉన్నాయి.

తాతయ్య గాదెలు తెరిపించారు. మూడు రోజులు మా వాకిట్లో పేటంతటికీ వండి పెట్టారు. "ధర్మప్రభువు" అన్నారు జనం. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, అది నటన కాదు. ఆ పది సెంట్లు కూడా రాసిచ్చేశారు. చేతులు కాలాక ఆకులు. తుఫాను తర్వాత ప్రభుత్వం కొత్తగా మంజూరు చేసిన షెల్టరు ఏడాది తిరక్కుండా లేచింది. దాని గోడకి నల్లరాయి, రాయి మీద స్థలదాతగా మా తాతయ్య పేరు.

ఆ వంటల రోజుల్లోనే మేష్టారు వచ్చారు. దారి పొడుగునా చెట్లు పడిపోయి జీపు రాలేదు, నడిచే వచ్చారు. వాకిట్లో పడి ఉన్న కొబ్బరి మాను మీద, ఎవర్నీ అడక్కుండా, కూలబడ్డారు. నేను దగ్గరికెళ్లి ఏడుస్తూ చెప్పేశాను, నేను కుర్చీ వెయ్యబట్టే తాతయ్య జాగా ఇవ్వలేదని, నా వల్లే నా పక్కన కూర్చునే పిల్ల చచ్చిపోయిందని. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నారు. "నువ్వు వేసినందుకు కాదు తల్లీ. నేను కూర్చోనందుకు. నాకు ఓట్లేసింది వాళ్లు. వాళ్ల పని మీద వచ్చి, నిలబడి దేబిరించేను. అలా అడిగితే 'చూద్దాంలే' అనే అంటారు. కూర్చుని అడగాల్సింది. ఇవ్వకపోతే నీ జాగా అక్కర్లేదని కలెక్టరు దగ్గరికి పోయి, ఇంకోచోట మెరక చేయించాల్సింది. జాగా పోతుందేమో అని భయపడ్డాను. భయపడీ పోగొట్టుకున్నాను."

తర్వాతి ఎన్నికల్లో ఆయనకి టికెట్టు రాలేదు. కుర్చీ వంక చూసిన మనిషి కదా, అరుగు ఒప్పుకోలేదు. రెండువేల తర్వాత హద్దులు మార్చినప్పుడు నియోజకవర్గమే లేకుండా పోయింది. మా ఊళ్లు తలో దాంట్లో కలిశాయి. గెలిచినవాళ్ల జాబితాలో మేష్టారి పేరు ఎక్కడో ఓ వరసలో ఉంటుంది. ఆయన నిలబడ్డ సంగతి ఆ జాబితాలో ఉండదు.

తాతయ్య తుఫాను తర్వాత తొమ్మిదేళ్లు బతికారు. చూపు తగ్గాక పేపరు నేనే చదివి వినిపించేదాన్ని. నన్ను చదివించింది ఆయనే, నా చేతి ముద్ద తప్ప తినేవారు కాదు ఆఖర్లో. 'నిజంగా నా కుర్చీ వల్లే ఇవ్వలేదా తాతయ్యా, లేక ఎలాగూ ఇవ్వరా?' అని ఒక్కసారి అడగాలని రోజూ అనుకునేదాన్ని. పేపరు మడతపెట్టి లేచిపోయేదాన్ని. మేష్టారు నోరు నొక్కుకున్నది పేట కోసం. నేను నొక్కుకున్నది తాతయ్య ముద్దు ఎక్కడ తగ్గిపోతుందో అని. నా పక్కన కూర్చున్న పిల్ల తరఫున అడగగలిగినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. అడగలేదు.