నోరీన్ పేరు మీది ఈత నిధి

ఎల్డన్ ట్రాక్సెల్‌కు ఈత రాదు. ముప్పై ఒక్క ఏళ్లు యూనివర్సిటీ ఈతకొలను నీళ్లు చూసుకున్నవాడు, ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో చప్పుడు విని చెప్పగలిగినవాడు, నడుము లోతు దాటి ఒక్కనాడూ దిగలేదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "రైలింజన్లు బాగుచేసేవాడు పట్టాల మీద పరుగెత్తాలా ఏమిటి?" అనేవాడు. ఆ మాట తనకే ఎంత నచ్చిందంటే, ఊళ్లో ప్రతివాళ్లకూ నాలుగేసిసార్లు వినిపించాడు.

ఊరు ఒహైయోలోని మెరిడన్ ఫోర్క్. ఊరంటే యూనివర్సిటీయే. మిగతా జనమంతా దానికి వండిపెట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు, ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు. శరదృతువులో ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం ఇక్కడ పెళ్లి పెట్టుకుంటే పెళ్లికొడుకు కూడా మధ్యలో స్కోరు అడుగుతాడు.

ఎల్డన్ భార్య నోరీన్ తపాలా ఆఫీసులో పనిచేసేది. శనివారం పొద్దున మాత్రం ఆ ఈతకొలనులో చిన్నపిల్లలకు ఈత నేర్పేది. ప్రొఫెసరు పిల్లలైనా, ఊడ్చేవాళ్ల పిల్లలైనా ఆమెకు ఒకటే వరస. మొదటిరోజు పాఠం ఒక్కటే. మొహం నీళ్లలో పెట్టి ఎవరి పేరు వాళ్లు గట్టిగా చెప్పాలి. బుడబుడమని బుడగలు తప్ప ఏమీ వినిపించదు. "చెప్పావుగా, ఇక నీళ్లూ నువ్వూ ఎరిగినవాళ్లే" అనేది. అలా ఇరవై ఆరేళ్లు నేర్పింది. ఊళ్లో సగంమంది ఆమె చేతిలో నీళ్లు మింగినవాళ్లే.

తన చిన్నతనంలో ఆడపిల్ల ఎంత బాగా ఈదినా చప్పట్లు కొట్టేవాళ్లు గానీ చదువు చెప్పించేవాళ్లు కాదని నోరీన్‌కు ఒక బాధ ఉండేది. అరవయ్యారో ఏట క్యాన్సర్ వచ్చి, ఇక రోజులు లేవని తెలిసినప్పుడు ఎల్డన్‌ను దగ్గర కూచోబెట్టుకుంది.

"నా బీమా డబ్బుతో ఇంటికి కొత్త కప్పు వేయిస్తావేమో, నీ సంగతి నాకు తెలుసు. కప్పుకు అతుకులేసుకో. ఆ డబ్బుతో ఒక ఆడపిల్లను నీళ్లలో దించు."

"ఒక్క పిల్లనేనా?"

"ఒకళ్ల తర్వాత ఒకళ్లు. నేను లేకపోయినా వరస తెగకూడదు."

ఎల్డన్ ఆ మాట నిలబెట్టాడు. బీమా సొమ్ము అరవై వేలకు తన చేపల పడవా, దాన్ని లాగే బండీ అమ్మిన పదిహేను వేలు కలిపి యూనివర్సిటీ క్రీడాశాఖకు ఇచ్చాడు. అసలు కదలకుండా, ఏటా వచ్చే మూడు వేల డాలర్లు ఒక విద్యార్థినికి అందాలి. 'ఈత జట్టులోని ఆడపిల్లకు మాత్రమే' అన్న వాక్యాన్ని గుమాస్తాచేత రెండుసార్లు చదివించుకుని మరీ సంతకం పెట్టాడు. ఇంటి కప్పుకు మాత్రం తనే నిచ్చెనెక్కి తారు పూసుకున్నాడు.

ఎనిమిదేళ్లలో ఆ నిధి నలుగురికి అందింది. నాలుగో పిల్ల మారిట్ హౌగెన్. మిన్నెసోటా నుంచి వచ్చింది. తండ్రి చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. పిల్ల నర్సు చదువుతోంది. ఆమెది దూరపు ఈత, కొలనుకు ఇటూ అటూ అరవయ్యారు సార్లు. ఈదేవాళ్లకు లెక్క తప్పుతుంది కాబట్టి అవతలి గట్టున ఒకరు మోకాళ్ల మీద కూచుని, ఎన్నోసారో అంకె ఉన్న పలకను నీళ్లలో ముంచి చూపించాలి. మారిట్‌కు ఆ పలక పట్టేది ఎల్డనే. డెబ్భై నాలుగేళ్ల మోకాళ్లు చచ్చేంత నొప్పి పుట్టినా ఒక్క అంకె తప్పనిచ్చేవాడు కాదు.

ఆదివారాలు ఆమె ఇతని ఇంటికి భోజనానికి వచ్చేది. ఆలుగడ్డ ముద్ద మీద కోడిమాంసం నూడుల్స్ పోసుకుని, కూలివాళ్లలాగా తినేది. వద్దన్నా గిన్నెలు కడిగేది. బిడ్డలు లేని ఇంట్లో ఆ చప్పుడు ఎంత బాగుండేదో ఎల్డన్ ఎవరికీ చెప్పలేదు గానీ, శనివారమే కోడిని తెచ్చి పెట్టుకునేవాడు.

ఫిబ్రవరిలో పిడుగు పడింది. మూడేళ్లుగా ఓడిపోతున్న ఫుట్‌బాల్ కోచ్‌ను యూనివర్సిటీ తీసేసింది. తీసేసినందుకు అతనికి నలభై ఎనిమిది లక్షల డాలర్లు కట్టాలి. ఒప్పందం అలా రాసుకున్నారు మహానుభావులు. రెండు వారాలకు ఈత జట్టు పిల్లలందర్నీ పొద్దున ఎనిమిదింటికి కంప్యూటర్ల ముందు కూచోబెట్టి, ఖర్చులు భరించలేకపోతున్నామనీ, ఈ సీజన్‌తో జట్టు ఎత్తేస్తున్నామనీ చెప్పారు. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. కొలను పూడ్చి, అక్కడ ఫుట్‌బాల్ ఆటగాళ్లు కండరాలు సేదదీర్చుకునే గదులు కడతారట. దానికి దాతలు ముందుకొచ్చారట.

మర్నాడు ఓపల్ కాఫీ హోటల్లో అందరి నోటా అదే మాట. నోరీన్ తమ్ముడు వర్జిల్ అప్పటికే మూల బల్ల దగ్గర కూచుని ఉన్నాడు. వర్జిల్ ఏటా క్రీడాశాఖకు మూడున్నర వేలు చందా కడతాడు. కట్టకపోతే స్టేడియం నడిమధ్యన ఉన్న తన రెండు సీట్లు ఇంకొకరికి పోతాయి.

"ఏం బావా, మొహం అలా వేలాడేశావు? ఎప్పటికైనా తప్పేది కాదు. ఫుట్‌బాల్ ఆవు పాలిస్తేనే కదా, మీ ఈతపిల్లలు తాగేది" అన్నాడు.

"ఆ ఆవుకు మేత ఎవరి జేబులోంచి వేస్తున్నారో తెలుసా నీకు? ఫీజులు కట్టే ప్రతి పిల్లా పిల్లాడి దగ్గరా ఆటల పేరు చెప్పి ఏడాదికి వెయ్యి డాలర్లు పీకుతున్నారు. ఇంత మేసి కూడా అది పాలివ్వడం లేదురా, తంతోంది."

"అయితే నన్ను చందా మానెయ్యమంటావా? అప్పుడు ఆ మిగిలిన జట్లు కూడా పోతాయి."

"నువ్వు కడుతున్నా పోయాయిగా. ఈత జట్టు ఏడాది ఖర్చంతా ఏడు లక్షలు. ఇంటికి పొమ్మన్న ఒక్క మనిషికి ఇచ్చేదాంతో దాదాపు ఏడేళ్లు ఈదేవాళ్లు."

వాదనలో ఓడినప్పుడల్లా వర్జిల్ 'పై' అనే పళ్ల రొట్టె తినడం మొదలుపెడతాడు. ఆ పూట రెండు ముక్కలు తిన్నాడు.

మార్చి నెలాఖరులో యూనివర్సిటీకి వచ్చే విరాళాలు చూసే దాతల ఆఫీసు నుంచి ట్రెంట్ హాలోవే అనే కుర్ర ఉద్యోగి ఎల్డన్ ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక బేకరీ పెట్టె, చంకలో ఒక ఫైలు. మర్యాదలో మాత్రం వంక పెట్టడానికి లేదు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు. నోరీన్ గురించి రెండు మంచి మాటలు, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడి, అప్పుడు ఫైలు తెరిచాడు.

"జట్టు లేదు కాబట్టి మీ నిధికి పని లేకుండా పోయింది సార్. దాన్ని క్రీడాకారుల సాధారణ నిధిలో కలపడానికి మీరు ఒప్పుకుంటే ఇక్కడ సంతకం పెట్టండి."

"ఒప్పుకోకపోతే?"

"కోర్టుకు వెళ్లాలి. రెండేళ్లో, మూడేళ్లో. అంతవరకూ ఎవరికీ ఇవ్వలేం. పాపం, మారిట్‌కు ఇంకా ఒక సంవత్సరం చదువు మిగిలి ఉంది. మీరు సంతకం పెడితే మొదటి ఏడాది డబ్బు ఆమెకే ఇస్తామని కాగితంలోనే రాశాం."

"ఆ తర్వాత?"

"ఎక్కడ అవసరమైతే అక్కడికి."

ఎక్కడ అవసరమవుతుందో ఎల్డన్‌కు తెలియనిది కాదు. "ఈ సంగతి ఆ పిల్లకు తెలుసా?" అని అడిగాడు.

"డబ్బు వ్యవహారాల్లోకి విద్యార్థుల్ని లాగం సార్. మీరు కూడా ఆమె మీద ఆ బరువు పెట్టకపోతేనే మంచిది" అన్నాడు ట్రెంట్. బేకరీ పెట్టె వదిలేసి వెళ్లాడు.

ఎల్డన్ ఆ కాగితం వర్జిల్‌కు చూపించాడు. సంతకం పెట్టెయ్యి బావా అంటాడనుకుంటే, వర్జిల్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పెట్టకు బావా. నేనిచ్చేది నా సీటు కోసం. సీటు వస్తోంది, చలిలో వేళ్లు కొంకర్లు పోతూ కూచుంటున్నాను, చెల్లుకు చెల్లు. మా అక్క అడిగింది అది కాదుగా. కోర్టుకే పోనీ. మూల పడి ఉన్నా ఆ డబ్బు అక్క పేరు మీదే ఉంటుంది."

"మరి ఆ పిల్లో?"

"ఆ పిల్ల నీ కన్నబిడ్డా?"

ఎల్డన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు వారాలు ఆ కాగితం వంటింటి డ్రాయరులో, చెంచాల కింద ఉండిపోయింది. సంతకం పెడితే నోరీన్ అడిగిన వరస మారిట్‌తో తెగిపోతుంది. పెట్టకపోతే ఆ మారిట్ చదువే నడిమధ్యలో తెగిపోతుంది. ఏ వైపు ఆలోచించినా నోరీన్ మొహం చిన్నబోతున్నట్టే అనిపించేది అతనికి.

ఏప్రిల్ మధ్యలో, ఇంకా నీళ్లున్న కొలనులో, పిల్లలు తమకు తామే ఒక చివరి ఈత పెట్టుకున్నారు. ఎల్డన్ మోకాళ్ల మీద కూచుని చివరిదాకా పలక ముంచాడు. అయిపోయాక అతను ఇవతలికి నడిచి వచ్చేసరికి మారిట్ గట్టు పట్టుకుని రొప్పుతూ ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. క్లోరిన్ వల్లనే అయ్యుండాలని తనకు తను చెప్పుకున్నాడు.

"వచ్చే ఏడు చదువుకు డబ్బు ఇబ్బందా తల్లీ?" అని అడిగాడు. అంతకుమించి అడగకూడదనుకున్నాడు.

మారిట్ అతని మొహంలోకి చూడలేకపోయింది. "ఏదో ఒకలా నడుస్తుంది లెండి, మిస్టర్ ట్రాక్సెల్. మీరు నా గురించి బెంగపెట్టుకోకండి" అని తల నీళ్లలో ముంచేసింది.

పేదింటి పిల్ల అభిమానంతో దాచుకుంటోందనుకున్నాడు ఎల్డన్. ఆ మంగళవారమే చెంచాల కిందినుంచి కాగితం తీసి, సంతకం పెట్టి, తనే నడిచివెళ్లి దాతల ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. ట్రెంట్ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని, వచ్చే సీజన్ ఫుట్‌బాల్ ఆటకు ఒక టికెట్టూ, కారు ఆపుకునే చీటీ కూడా ఇచ్చాడు. ఎల్డన్ వాటిని కాదనలేక జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం మారిట్ వచ్చింది. నూడుల్స్ పొయ్యి మీద ఉడుకుతున్నాయి. ఆమె కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"తినడానికి ముందే చెప్పాలి. లేకపోతే మీ తిండి నాకు గొంతు దిగదు. నేను విస్కాన్సిన్ వెళ్లిపోతున్నాను. అక్కడ కాలేజీలో ఈత ఉంది. ఫీజంతా వాళ్లే కడతామన్నారు."

"ఎప్పుడు తేలింది ఇది?" అన్నాడు ఎల్డన్. గరిటె చేతిలోనే ఉంది.

"వెళ్లాలనుకుంటున్నానని మార్చి మొదటి వారంలోనే ఇక్కడి క్రీడాశాఖ ఆఫీసులో పేరిచ్చాను. దాతలతో ఎవరూ ఏమీ మాట్లాడొద్దని మా అందరికీ చెప్పారు. అయినా నేను మీకు చెప్పి ఉండాల్సింది. మీ డబ్బుతో చదువుకుని మిమ్మల్ని వదిలిపోతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు కొలను దగ్గర చెబుదామనుకున్నాను, ఏడుపొచ్చేసింది."

ఎల్డన్ పొయ్యి మంట తగ్గించాడు. తగ్గించాల్సిన అవసరం లేదు. ఆమెకు వీపు చూపించడానికి అదొక సాకు.

"నిన్న హోటల్లో వర్జిల్ గారు కనిపించి, దాతల ఆఫీసువాళ్లు మీ దగ్గరికి ఏదో కాగితం తెచ్చారని చెప్పారు. నాకోసమని మీరు సంతకం పెట్టేస్తారేమోనని రాత్రి కన్ను మూతపడలేదు" అంది మారిట్. "పెట్టలేదు కదా?"

సంతకం పెట్టినట్టు వర్జిల్‌కు కూడా అతను చెప్పలేదు. ఊళ్లో ఈ సంగతి తెలిసింది తనకూ ఆ ఆఫీసుకే.

"లేదులే" అన్నాడు ఎల్డన్.

"నిజంగా?"

"పెడితే నోరీన్ నన్ను బతకనిస్తుందా?"

మారిట్ ఒక్క ఉదుటున వచ్చి అతని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. "అయితే ఆమె డబ్బు భద్రంగానే ఉంది. ఎప్పుడో ఒకప్పుడు జట్టు మళ్లీ పెడతారు. అప్పుడు ఇంకో అమ్మాయికి అందుతుంది. నేనే ఆఖరిదాన్ని అయిపోతానేమోనని భయపడ్డాను."

"నువ్వెందుకు అవుతావు తల్లీ. కోటు విప్పు, చల్లారిపోతోంది" అన్నాడు. ఇద్దరూ కూచుని తిన్నారు. మనసు తేలికపడ్డ మారిట్ రెండోసారి కూడా వడ్డించుకుంది. గిన్నెలన్నీ కడిగి, వచ్చే ఆదివారం వస్తానని చెప్పి వెళ్లింది.

సోమవారం ఆఫీసు తెరవగానే ఎల్డన్ ఫోన్ చేసి, తన కాగితం వెనక్కి ఇమ్మన్నాడు. నమోదైపోయింది సార్, వెనక్కి రాదు అన్నాడు ట్రెంట్.

"ఆ పిల్ల మార్చి మొదట్లోనే పేరిచ్చిందట. నువ్వు మా ఇంటికి వచ్చింది నెలాఖరున. తెలిసే వచ్చావా?"

"ఆ పేర్లు చూసేది పక్క గదివాళ్లు సార్" అన్నాడు ట్రెంట్.

ఎల్డన్ ఫోన్ పెట్టేసి వంటింటి బల్ల దగ్గర కూచుని ఏడ్చాడు. నోరీన్ పోయిన రోజున కూడా అతను అలా ఏడవలేదు. ఆ రోజు ఆమెను తీసుకుపోయింది జబ్బు. ఈసారి ఇచ్చేసింది తన చెయ్యే.