మూడో పాటకూ నాలుగో పాటకూ మధ్య

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నాయనమ్మ మా కారెక్కి కూర్చునేది... ఎక్కడికో పోవడానికి కాదు. శంషాబాద్‌లో మా ఇంటి ముందు ఆగి ఉన్న కారులోనే, ముందు సీట్లో, కొంగు నెత్తి మీద కప్పుకుని కూర్చునేది.

మా బాపు, అంటే నాన్న, ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడిపేవాడు. ఆ పాత కారులో క్యాసెట్ ప్లేయర్ ఉండేది. అందులో ఎప్పుడూ ఒకటే క్యాసెట్...

నేను పుట్టకముందు పట్నంలో ఒక మైదానంలో జరిగిన రాక్ కచేరీ అది. అన్నీ ఇంగ్లీషు పాటలు. బాపు, ఆయన తమ్ముడు శ్రీశైలం, వాళ్ల దోస్తు యూసుఫ్ చాచా... ముగ్గురూ ఒకే స్కూటర్ మీద వెళ్లారట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా ఎగిరారట. మైకు సెట్టు దగ్గర ఉన్నవాళ్లెవరో కచేరీ మొత్తం టేపులో పట్టారు. అది కాపీల మీద కాపీలై, చేతులు మారి, వీళ్ల దాకా వచ్చింది.

అందులో మూడో పాట అయిపోగానే చప్పట్లు, ఈలలు... వాటి మధ్యలోంచి ఒక గొంతు లేచేది. "అన్నా, ఇంకోటి కొట్టరాదే!" పాడేవాడికి తెలుగు రాదు. అయినా నవ్వేవాడు. ఆ నవ్వు కూడా వినబడేది. వెంటనే నాలుగో పాట.

ఆ గొంతు మా చిన్నబాపు శ్రీశైలానిది. కచేరీ అయిన ఏడాదికి కామెర్లొచ్చి, దవాఖానలో వారం రోజులుండి చనిపోయాడు.

యూసుఫ్ చాచా మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"గది నా గొంతురా. వాడు అప్పటికే గొంతు వోయి మూగోని లెక్క నిలవడ్డడు."

"నీదా? నీది బర్రె ఒర్రినట్టుంటది," అనేవాడు బాపు.

"జర నోర్లు మూయుండ్రి," అనేది నాయనమ్మ. "నా కొడుకు ఒస్తుండు."

మూడో పాట సాగినంతసేపూ ఆమె చెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి ఉండేది. అరుపు రాగానే కళ్లు మూసుకునేది. అంతే... దిగి ఇంట్లోకి పోయి అంట్లు తోముకునేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపు కొత్త కారు తీసుకున్నాడు. అందులో క్యాసెట్ పెట్టే చోటే లేదు. పెన్‌డ్రైవ్ గుచ్చాలి. మా గల్లీ చివర మొబైల్ షాపులో పాత క్యాసెట్లను అందులోకి ఎక్కించి ఇస్తారని తెలిసింది. బాపుకు ఆ రోజు ట్రిప్పు పడింది. ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే.

"పాటల పేర్లు సక్కగ రాపిచ్చుకొని రా బిడ్డా," అని క్యాసెట్ నా బడి సంచిలో పెట్టాడు.

షాపాయన చెడ్డవాడు కాదు. పనిమంతుడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు విని మొహం చిట్లించాడు.

"నడుమ నడుమ మస్తు లొల్లి ఉన్నదమ్మా. తీసెయ్యాల్నా? పాటకు పాట నీటుగ అంటుకుంటది. అందరు గట్లనే చేపిచ్చుకుంటరు."

నా నోటు పుస్తకాలు నీటుగా ఉంటాయని బళ్లో టీచర్ మెచ్చుకునే రోజులవి. లొల్లి అంటే చప్పట్లూ ఈలలే అనుకున్నాను. చిన్నబాపు గొంతు అందులోకి వస్తుందని నాకు తోచనే లేదు. ఆయన పాటలో భాగమనే అనుకున్నాను...

"తీసెయ్ అన్నా," అన్నాను.

సాయంత్రం వెళ్తే పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. క్యాసెట్ ఏదని అడిగాను.

"అంత ఎక్కినంక టేపు లోపల చుట్టుకున్నదమ్మా. గుంజితే తెగింది, పారేసిన. పాటలైతే అన్ని ఒచ్చినయి గద."

ఆదివారం వచ్చింది. కొత్త సీట్ల మీద ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. పాటలు అద్దంలా ఉన్నాయి. "ఎంత సాఫ్ ఉన్నదిరా," అన్నాడు యూసుఫ్ చాచా. మూడో పాట అయిపోయింది. ఆ వెంటనే నాలుగోది మొదలైంది.

నాయనమ్మ చెయ్యి డాష్‌బోర్డు మీదే ఉంది.

"ఇంక రాలేదేందిరా?"

బాపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. ఇంకోసారి. ఆయన మొహం చూసి నాకు అర్థమైంది.

"ఒచ్చిందే అమ్మా," అన్నాడు. "నీకు ఇనవడలే."

ఆమె స్పీకర్ దగ్గరికి వంగి చెవి ఆనించింది. "చెవులు వోయినట్టున్నయి," అంది. యూసుఫ్ చాచా కారు దిగి అటు తిరిగి నిలబడ్డాడు. అది తన గొంతని ఆయన మళ్లీ ఎన్నడూ అనలేదు.

మర్నాడు బాపు షాపుకు పరుగెత్తాడు. కంప్యూటర్లో పాతది అప్పటికే తుడిచేశారు. ఇంటికొచ్చి నన్ను అడిగాడు.

"తీసేసేముందు నిన్నేమన్న అడిగిండా బిడ్డా?"

"లేదు బాపూ," అన్నాను.

నెల రోజులు నాయనమ్మ ప్రతి ఆదివారం స్పీకర్‌కు చెవి పెట్టి కూర్చుంది. ప్రతిసారీ బాపు "ఒచ్చింది" అనేవాడు. చివరికి ఆమే పట్టుబట్టి దవాఖానకు వెళ్లింది. చెవులకేమీ కాలేదని, చాలా బాగా వినబడుతున్నాయని డాక్టర్ చెప్పాడు.

ఆమె ఆ కారు మళ్లీ ఎక్కలేదు.

ఈ మధ్య ఆ కచేరీ అభిమానుల పేజీ ఒకటి నాకు దొరికింది. ఆ రోజు వాన పడిందనీ, డ్రమ్ములకు ప్లాస్టిక్ కప్పారనీ ఎవరెవరో ముచ్చట్లు రాసుకుంటున్నారు. రికార్డింగ్ కూడా పెట్టారు. మూడో పాట చివరికి జరిపాను... దాన్నీ శుభ్రం చేసేశారు. కింద అందరూ మెచ్చుకుంటున్నారు.

బాపూ, నువ్వు ఈ పోస్టు చదువుతావని తెలుసు. షాపాయన నన్ను అడిగాడు. తీసెయ్ అన్నది నేనే.

ఇప్పుడు బువ్వ తిన్నా, బండెక్కినా ఫోన్‌లో పట్టుకుంటున్నాం. ఎవరింట్లోనైనా గొంతులకు కొదవ లేదు... ఆ కాలంలో పోయినవాళ్లకే ఏమీ మిగల్లేదు.

మీలో ఎవరైనా ఆ కచేరీకి వెళ్లారా? ఇంట్లో పాత క్యాసెట్ ఉందా? మూడో పాట తర్వాత ఏం వినబడుతుందో ఒక్కసారి విని చెప్పండి. లొల్లి ఉంటే ఉన్నదున్నట్టే పంపండి. మా నాయనమ్మకు ఇప్పటికీ చెవులు బాగానే వినబడుతున్నాయి.