చెయ్యి గుర్తుపట్టే మనిషి

"మాస్టర్ పోయిండు." ఒమాన్‌లో మా సైట్ క్యాంటీన్ ముందు చేతులు కడుక్కుంటూ ఫోన్లో ఆ రెండు మాటలు చదివాను. పంపింది మా బావ, మా మేనత్త కొడుకు. పదేళ్ళలో అతను తనంతట తాను నాకు పంపిన మొదటి మెసేజ్ అదే. అందుకే చదవకముందే భయమేసింది. ఆ పూట నాకు అన్నం దిగలేదని రాస్తే బాగుంటుంది కానీ, తిన్నాను. ఎండలో పనిచేసేవాడు పస్తుండి కూర్చుంటే మాస్టరు ఊరుకునేవారు కాదు. తిన్నాక పైపుల వరుస వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మాస్టరు అంటే నాకు వెల్డింగ్ నేర్పిన ఆయన. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రెండు ఫ్యాక్టరీ గోడల మధ్య ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, పద్నాలుగేళ్ళు గల్ఫ్‌లో పైపులు అతికి, తిరిగొచ్చి ఆ షెడ్డు వేసుకున్నారు. పరాయి దేశం పోవాలనుకునే వాళ్ళకు పని నేర్పి, గల్ఫ్ ఏజెంట్లు పెట్టే ట్రేడ్ టెస్టుకు తయారుచేసి పంపేవారు. మే నెలలో కూడా పొడుగు చేతుల చొక్కానే. రాడ్డు బిగించే హోల్డరు మన చేతికిచ్చే ముందు దగ్గరికొచ్చి మన చొక్కా పై గుండీ తనే పెట్టేవారు. ఆయన వేళ్ళు గరుకుగా గొంతుకు తగిలేవి. "నిప్పురవ్వ సందు దేవులాడుకుంటది, మనం సందియ్యొద్దు" అనేవారు. పెళ్ళయిన వాళ్ళక్కూడా అదే మర్యాద.

చేరిన మొదటి వారమే నేను మొనగాడిననుకుని ముసుగు లేకుండా మంట వైపు చూశాను. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టయింది. మా అమ్మ ఆలుగడ్డ చక్రాలు కోసి నా కళ్ళ మీద పెట్టి పడుకోబెట్టింది. మర్నాడు షెడ్డుకు రాలేదని మాస్టరే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. మంచం పక్కన కూర్చుని ఆ చక్రాలు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో వేసి, వాటిని కూరొండుకొమ్మని మా అమ్మకు చెప్పి, నన్ను కళ్ళ దవాఖానాకు తీసుకుపోయారు. దారంతా ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

అప్పట్లో వారానికో రోజు ఫ్యాక్టరీలకు కరెంటు ఉండేది కాదు. మిగతా షెడ్లు తాళాలు వేసుకునేవి. మాస్టరు మాత్రం ఆ రోజు తప్పకుండా రమ్మనేవారు. కరెంటు లేని రోజు పాఠం వేరు. అన్నం వార్చడం, చొక్కాకు గుండీ కుట్టుకోవడం, ఒకరి జుట్టు ఒకరు కత్తిరించడం. మా బావ నా తల మీద నేర్చుకున్న క్షౌరం చూసి మా వీధిలో నాకు ఏదో జబ్బు చేసిందనుకున్నారు. వెల్డింగ్‌కు వచ్చిన వాళ్ళకు ఇదంతా ఏమిటని ఒకడు సణిగితే మాస్టరు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు.

"ఏ పని రాకుంటే ఆడ ఏడుస్తవో, ఆ పని ఈడ నేర్సుకోని పో."

ఇంటికి ఫోన్ ఎలా చేయాలో కూడా ఆయనే నేర్పారు. ముందు వాళ్ళనడగాలి, తర్వాతే మన సంగతి చెప్పాలి. ఏం కూర వండారో అడగాలి. ఎండ గురించి మొదటి నెల చెప్పకూడదు. వీసా కాగితం రాగానే దాని మీద అరబ్బీలో పని పేరు ఏమని రాసుందో చదివించేవారు. అందుకు ఆయనకు తెలిసిన ఒక పెద్దాయన ఉండేవాడు. వెల్డరని చెప్పి క్లీనర్ వీసా ఇచ్చిన మోసాలు ఆయన దగ్గర రెండు మూడు సార్లు బయటపడ్డాయి. ఆ కాగితాలు తెచ్చుకున్న వాళ్ళు విమానం ఎక్కలేదు.

ఇక నా మోసం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మాటలన్నీ వట్టి పొగడ్తలే అవుతాయి.

నేనూ మా బావా ఒకే బ్యాచ్. అతని చేతిలో రాడ్డు మాట వినేది. నాకు తొందరెక్కువ. పన్నెండేళ్ళ కిందట ఉప్పల్ దగ్గర ఒక యార్డులో మా ఇద్దరికీ ట్రేడ్ టెస్టు పడింది. పైపును ఏటవాలుగా బిగిస్తారు. దాన్ని తిప్పకుండా మనమే చుట్టూ వంగి, కూర్చుని, మెడ విరుచుకుని అతుకు పూర్తి చేయాలి. కింది వైపు కరిగిన లోహం నాకెప్పుడూ జారేది. ఆ రోజూ జారింది. టైము అయిపోవస్తోంది. అప్పటికి నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఏడాది. మా అమ్మ, నేను పాసవుతానని ముందే తీర్మానించుకుని, ఆ ఆదివారమే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించి పాస్టరు గారిని పిలిచింది, బిర్యానీకి చెప్పింది. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత మా ఇంటికోసమే పుట్టిందేమో.

ముసుగూ తోలు కోటూ వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదు. తనది ముగించిన మా బావ నన్ను పక్కకు జరిపి, నా పైపు ముందు కూర్చున్నాడు. నాకోసం కొత్త ముక్క బిగించి, మిగిలిన ముప్పావు గంటలోనే పూర్తి చేశాడు. ఇద్దరం పాస్.

మా వాళ్ళందరూ ఎలా చేశారో చూడటానికి మాస్టరు మర్నాడు యార్డుకెళ్ళి టెస్టు ముక్కలు అడిగి తెచ్చుకున్నారు. ఆ అలవాటు ఆయనకుందని మాకు తెలుసు. ఆ తొందరలో తట్టలేదు. షెడ్డులో నన్నొక్కణ్ణే పిలిచి నా పేరున్న ముక్కను బల్ల మీద పెట్టి, అతుకును బొటనవేలితో నిమిరారు. మా బావ రాడ్డును అంచు దగ్గర ఒక్క క్షణం ఆపి మళ్ళిస్తాడు. నేను ఆగను. చదవడం వచ్చిన వాడికి అది చేతిరాతే.

"ఇది నీ చెయ్యి గాదు" అన్నారు.

నాదేనన్నాను. ఆయన ఇంకో పైపు ముక్క ఏటవాలుగా బిగించి హోల్డరు నా చేతికిచ్చారు. నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఆయనే తీసుకుని కింద పెట్టారు. కూడిక సంగతి, నాన్న సంగతి చెప్పి కాళ్ళావేళ్ళా పడ్డాను. అక్కడికెళ్ళాక నేర్చుకుంటానన్నాను. అంతా విన్నారు.

"ఆ పైపులల్ల గ్యాస్ పోతది. నీ అతుకు కాడ పలిగితే నువ్వుండవు ఆడ, ఇంకోడుంటడు. వాడు గూడ ఎవలో అమ్మ కూడిక పెట్టి పంపిన కొడుకే. పోయి నీ నోటితోని నువ్వే జెప్పు."

వెళ్ళాను. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఏజెంటు ఆఫీసు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, మూడోసారి లోపలికి వెళ్ళాను. నా మాట విని అక్కడున్న ఆయన మొదట నవ్వాడు. తర్వాత ఎవరు వేశారని అడిగాడు. చెప్పకుండా ఉండగలిగేవాణ్ణే. భయంలో చెప్పేశాను. ఇద్దరి పేర్లూ కొట్టేశాడు.

తిరిగొచ్చి జరిగింది చెప్తే మాస్టరు బల్ల మీద కూలబడ్డారు. ఆయన నా మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

"నీ తప్పు జెప్పమన్న. వాని పేరు జెప్పమన్ననా?"

బావ నాకు సాయం చేశాడు, నేను అతని వీసా పోగొట్టాను. మా మేనత్త మా గడప తొక్కడం మానేసింది. ఆదివారం కూడిక మాత్రం జరిగింది. మా అమ్మ రద్దు చేయలేదు. దేవుడు అబద్ధం నుంచి తప్పించాడు, దానికే కృతజ్ఞత అంది. బిర్యానీ తింటున్న వాళ్ళెవరూ నా మొహం చూడలేదు, నేనూ ఎవరి మొహమూ చూడలేదు.

మాస్టరు బోడుప్పల్‌లో మా బావ వాళ్ళింటికి మూడుసార్లు వెళ్ళారు. మూడోసారికి గానీ బావ బయటికి రాలేదట. మళ్ళీ టెస్టుకు పంపుతానని మాస్టరు, వద్దని అతను. చివరికి నారపల్లిలో, కొత్త ప్లాట్లలో ఇళ్ళు లేస్తున్న చోట, గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే షాపు పెట్టుకున్నాడు. మంచి పేరే వచ్చింది. కానీ సముద్రం దాటాల్సిన చెయ్యి గేట్లకు పరిమితమైందని మాస్టరు బాధపడేవారు. ఒకసారి నాతో అన్నారు, నీకు మంచే చేశాను, వాడికి చేశానో లేదో నాకు తెలియదని. తన మంచిని తనే అనుమానించే మనుషుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు.

నన్ను మాత్రం వదల్లేదు. ఏడు నెలలు రోజూ కింది వైపు అతుకే. వేసిన ప్రతి ముక్కనూ అడ్డంగా కోసి లోపల చూపించేవారు. పైకి నున్నగా ఉన్న అతుకు లోపల ఎంత బోలుగా ఉంటుందో కోస్తే గానీ తెలియదు. మధ్యాహ్నం మాస్టరు భార్య, మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం, పొగ పీల్చిన గొంతులకని బెల్లం ముక్కలు తెచ్చి చేతుల్లో పెట్టేది. ఏడో నెలలో ఒక ముక్క కోసి, తిప్పి తిప్పి చూసి, మాస్టరు దాన్ని అమ్మకు చూపించారు. ఆమెకేం తెలుస్తుందని అనుకున్నాను. ఆమె చూసి, "మంచిగొచ్చింది బిడ్డా" అంది. నాకు వచ్చిన సర్టిఫికెట్లలో పెద్దది అదే.

ఆ తర్వాతి టెస్టు నా చేత్తో నేను పాసై ఒమాన్ వచ్చాను. మాస్టరు ఎయిర్‌పోర్టుకు రాలేదు. అక్కడ ఏడ్సెటోళ్ళు మస్తుమంది ఉంటరు, నేనెందుకని షెడ్డు దగ్గరే చెయ్యి కలిపి పంపారు. క్యాంపులో గదికి ఆరుగురం. మొదటి వారంలోనే తెలిసింది, నేను పని నేర్చుకుని వచ్చినవాణ్ణి మాత్రమే కాదు, బతకడం నేర్చుకుని వచ్చినవాణ్ణి కూడానని. అన్నం వండటం రాక రొట్టె, జామ్ తిని నీరసపడే వాళ్ళున్నారు. మొదటి ఫోన్లోనే ఏడ్చి, ఇంట్లో వాళ్ళను ఏడిపించి, నెల తిరక్కుండా వాపసు పోయిన వాళ్ళున్నారు. శుక్రవారం నా మంచం ముందు క్షవరానికి వరుస కట్టేవారు. మలయాళీలు, బీహారీలు, నేపాలీలు, అందరి తలలూ నా చేతికిందే. మా బావ తల మీద నేను చేసిన తప్పులన్నీ అక్కడ పనికొచ్చాయి.

ఇప్పుడు అదే కంపెనీలో కొత్తగా వచ్చే వెల్డర్లకు టెస్టు పెట్టేది నేనే. మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి ముసుగు ఎత్తి మొహం చూపించమంటాను. నవ్వుకుంటారు. ఒకప్పటి దొంగను కదా, సందులు నాకు తెలుసు.

సెలవుకు వచ్చిన ప్రతిసారీ మాస్టరు మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచి పక్కపక్కన కూర్చోబెట్టేవారు. బావ వచ్చేవాడు, తినేవాడు, ఎప్పుడొచ్చావని అడిగేవాడు, అంతే. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. పదేళ్ళూ అలాగే గడిచాయి. పోయినసారి మాస్టరుకు ఆయాసం బాగా పెరిగింది. మా ఇద్దరినీ చూస్తూ, "నేను వొయినంక మీరిద్దరు ఎవలింట్ల కలుస్తరుర?" అన్నారు. ఇద్దరం పళ్ళేల్లోకి చూశాం.

సమాధికి అందలేకపోయాను. సైట్‌లో పనులు ఆపి మరమ్మతులు చేసే రోజులవి, సెలవు దొరకలేదు. నలభయ్యో రోజు కూడికకు వచ్చాను. ఉప్పల్ వైపు సమాధుల తోటలో ప్రార్థన అయ్యింది. మాస్టరు తలాపున సిమెంటులో ఒక ఇనుప నిలువు కమ్మి పాతి ఉంది. శిలువ మా బావ తన షాపులో చేశాడట. అడ్డకమ్మి మాత్రం ఇంకా విడిగానే ఉంది. ట్రాలీ ఆటోలోంచి చిన్న జనరేటరూ మెషీనూ దించాడు. అతికేది తనేనని అనుకుని నేను పక్కకు జరిగాను. అతను హోల్డరు నాకు అందించాడు.

నీ చెయ్యి నాకంటే మంచిది బావా, అందరికీ తెలుసు అన్నాను.

"ఎర్కె. అందుకే గప్పుడు నేనేసిన" అన్నాడు. "ఈ పారి నువ్వెయ్యాలె బామ్మర్ది. నేను పట్టుకుంట."

బావా, ఆ రోజు నీ పేరు చెప్పకుండా ఉండాల్సింది, తప్పయిపోయింది అన్నాను. పన్నెండేళ్ళ మాట అంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు. అతను వినీ విననట్టు అడ్డకమ్మిని ఎత్తి నిలువు కమ్మికి ఆనించి, కిందకు పైకి జరిపి మట్టం చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "అందరు జర అటు తిరగున్రి, కండ్లు పోతయ్" అన్నాడు.

ఆ మాట కంటే ముందే, షెడ్డులో బెల్లం పెట్టిన అమ్మ తిరిగి నిలబడింది. పాస్టరు గారు తిరిగారు, మా అమ్మ తిరిగింది, ఆమె పక్కన మా మేనత్త తిరిగింది. తోట నిండా అందరి వీపులే. నేను ముసుగు దించుకున్నాను. మా బావ ఒక్కడే, తన ముసుగు దించుకుని, కమ్మిని రెండు చేతులతో పట్టుకుని, నాకు ఎదురుగా, కదలకుండా నిలబడ్డాడు.