డాక్టరమ్మ పక్క సీటు

పొద్దున నువ్వు కారు డిక్కీ ఎత్తగానే ముక్కు మూసుకుని వెనక్కి జరిగావు చూడు, అప్పుడే నాకు ఆమె గుర్తుకొచ్చింది. వేపనూనె, ఫినాయిలు, తడిసిన గొర్రె బొచ్చు, అన్నీ కలిసిన వాసన అది. ఎన్నిసార్లు కడిగించినా, ఎన్ని ఎండలకు తలుపులు తెరిచి పెట్టినా పోలేదు. రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి కదా, ఆ తేమకు మళ్లీ లేచింది. "జేజీ, దీంట్లో ఏం మోసినారు మీరు?" అని అడిగావు. ఏం మోశామో చెబుతాను, రాసుకో. ఆమెను ఎప్పుడూ చూడనివాళ్లు చదువుతారు కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి.

సుశీలమ్మ పశువుల డాక్టరు. కదిరిలో మా ఎదురింట్లో ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలకూ మేకలకూ బర్రెలకూ సూదులు వేస్తూనే గడిచింది. రిటైరైన కొన్నాళ్లకే ఈ కారు కొన్నది. చిన్నదే, కానీ కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, పల్లెల్లో రాళ్ల దారులకు అడుగు తగలదు. హైబ్రిడ్ అంటారు దీన్ని. పెట్రోలుతోనూ నడుస్తుంది, లోపలి బ్యాటరీతోనూ నడుస్తుంది, ఎప్పుడు దేనితో నడవాలో అదే చూసుకుంటుంది. వీధిలో అందరూ అడిగేది ఒకటే, చార్జింగు ఎక్కడ పెడతారని. ఆమె విసుక్కోకుండా ప్రతి ఒక్కరికీ చెప్పేది. "యాడా పెట్టేది లేదప్పా. బ్రేకు తొక్కినప్పుడు, దిగువకు దొర్లినప్పుడు దానంతట అదే నింపుకుంటాది." ఎవరూ నమ్మలేదు. చీకటి పడినాక ఇంట్లోంచి దొంగగా వైరు లాగుతుందని కొందరు, కరెంటు ఆఫీసులో ఆమెకు ఎవరో తెలుసని కొందరు చెప్పుకున్నారు.

అప్పటికి మీ తాత పోయి ఏడాది దాటింది. నేను జాకెట్లు కుట్టుకుంటూ ఇంట్లోనే ఉండేదాన్ని. గడప దాటితే పాలకు, మహా అయితే దారపు ఉండలకు. మాట్లాడటానికి మనిషి దొరక్క మిషనుతో మాట్లాడేదాన్ని. ఆ మాటలు ఎదురింటిదాకా వినపడేవని నాకు తెలియదు. ఒకరోజు డాక్టరమ్మ గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"ఓబుళమ్మా, మిషను మూసి రా. గొర్రెను పట్టుకునేదానికి ఒక మనిషి కావల్ల నాకు."

"నాకు గొర్రెల్ని పట్టేది రాదు డాక్టరమ్మా."

"నీకు రాదని గొర్రెకు చెప్పొద్దులే. ఎక్కు."

ఎక్కి కూర్చున్నాను. ఆమె ఒక మీట నొక్కింది. స్టార్టు అవుతుందేమోనని చూస్తున్నాను, చూస్తుండగానే మా వీధి చివరి ఇల్లు వెనక్కి పోతోంది. బండి కదిలినట్టు కూడా తెలియలేదు. ఊరు దాటి తనకల్లు దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ముందు నుంచి గుర్రుమని ఒక శబ్దం లేచింది, నిద్రపోతున్నవాళ్లను ఎవరో తట్టి లేపినట్టు. ఎత్తు దాటగానే మళ్లీ పడుకుంది. దిగువకు వచ్చినప్పుడు డాక్టరమ్మ కాలు తీసేసి, ముందున్న తెర మీద బ్యాటరీ గీతలు పెరగడం చూపించింది. నేను ఎందుకంత సంతోషమని అడిగాను. "ఈ సీమలో పుట్టినదానివి గదా, దిగువకు పోయేదాన్ని ఊరికే పోనిస్తావా?" అంది. వాన నీళ్లకు కుంట కట్టినట్టే ఆమెకు ఆ బ్రేకు. పెట్రోలు మిగిలిందంటే తన సొంత తెలివితేటలతో మిగిల్చినట్టు మురిసిపోయేది. ఎక్సిలరేటరు మీద కాలు ఎట్లా వెయ్యాలో నాకు ఆ రోజే చెప్పింది. "నిద్రపోయే బిడ్డకు దుప్పటి కప్పినట్లు వెయ్యల్ల. బిడ్డ లేస్తే పెట్రోలు తాగుతాది."

నన్ను తీసుకుపోవడానికి అసలు కారణం మాత్రం గొర్రెలు పట్టడం కాదు. అది రెండో వారమో మూడో వారమో బయటపడింది. తనకల్లు దాటినాక ఒక పల్లెలో గంగన్న అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ఆ రోజు రోడ్డంతా గొర్రెల్ని పరిచి మా ముందు నడుస్తున్నాడు. మేము వెనకే పోతున్నాం. బండికి చప్పుడు లేదు, అతనికి తెలియదు. మొదట ఒక పొట్టేలు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది, దాని ముఖం చూసి అతను తిరిగాడు.

"ఏమమ్మా, పిల్లి మాదిరి వస్తాండావే. ఒక కూత కూయల్ల గదా."

"హారను కొడితే నీ చూడి గొర్రెలు బెదురుతాయని కొట్టలేదు గంగన్నా. అందుకే ఈమెను తెచ్చినా." నా వైపు తిరిగింది. "ఓబుళమ్మా, అద్దం దించి మాట్లాడు. నీ నోరు ఇంజను కన్నా గట్టిది."

కోపం వచ్చింది నాకు. ఆ కోపంతోనే అద్దం దించి గట్టిగా నాలుగు మాటలన్నాను. గొర్రెలు మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చాయి. గంగన్న కర్ర మీద గడ్డం ఆనించి, ఈ చప్పుడు బాగుండాది, దీన్నే ఉంచుకో అన్నాడు. ఆ రోజు నుంచి పల్లె పొలిమేరలో అద్దం దించి నేను మాట్లాడటం, దారి ఖాళీ కావడం. ఏం మాట్లాడేదాన్ని అంటే, ఏదైనా. కందిపప్పు ధర, చిన్నప్పుడు మా నాయన నన్ను బడి మాన్పించిన సంగతి, జాకెట్టు చేతులు బిగుతైపోయాయని గొడవపడే పెద్దమనుషుల ఇళ్లు. డాక్టరమ్మ అన్నీ వినేది. ఎన్నాళ్లయిందో నా మాట ఒక మనిషి విని.

గంగన్న పెండ్లాం ముత్యాలమ్మకు ఈ బండంటే భయం ఇంకోలా పట్టింది. ఒక మధ్యాహ్నం వాళ్ల గొర్రె ఈనలేక కష్టపడుతోంది. టీకా మందుల పెట్టె బండిలోనే ఉంది, మందులు వేడెక్కకూడదని డాక్టరమ్మ చల్లగాలి ఆపకుండా దిగింది. నేను గొర్రె తల పట్టుకున్నాను, ఆమె మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి పిల్లను తిప్పుతోంది. ముత్యాలమ్మ బండి పక్కన వేరుశనగ కాయలు చెరుగుతోంది. బ్యాటరీ తగ్గి ఇంజను దానంతట అదే లేచింది. చేట అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చింది ముత్యాలమ్మ.

"డాక్టరమ్మా, బండ్లో మనుషులు లేరు, బండి గుర్రుమంటాండాది."

డాక్టరమ్మ తల ఎత్తలేదు. "దానికి ఆకలైంది. తినుకుంటాండాది. నువ్వు పోయి వేడినీళ్లు తే."

పిల్ల బయటపడింది, తల్లి నాకింది, అందరం నవ్వుకున్నాం. తరువాత మేము ఎప్పుడు పోయినా ముత్యాలమ్మ ముందు బండి మూతి మీద ఒక పిడికెడు కాయలు పెట్టి, ఆ తరువాతే మాకు మంచినీళ్లు ఇచ్చేది.

ఇట్లా బాగా సాగుతుండగా డాక్టరమ్మ ఒకరోజు రోడ్డు పక్క మైలురాయికి బండి రాసింది. పట్టపగలు, ఖాళీ రోడ్డు. అనంతపురం తీసుకుపోయి కళ్లు చూపిస్తే, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ పక్కలు కనిపించడం తగ్గిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఇక బండి నడపకూడదని చెప్పారు. కబురు తెలిసి బెంగళూరు నుంచి ఆమె తమ్ముడు ప్రసాదు వచ్చాడు. మంచివాడే. అక్క మీద ప్రాణం.

"అక్కా, నిలబెడితే ఈ బండి బ్యాటరీ చచ్చిపోతాది. నేను తీసుకుపోతా. నువ్వూ రా, ఈడ ఒంటరిగా ఏం చేస్తావు?"

"బండి యాడికీ పోదు. డ్రైవరు ఉండాది."

"యాడుండాది?"

ఆమె నన్ను చూపించింది. నేను కాఫీ గ్లాసులతో వంటింటి గుమ్మంలో ఉన్నాను. ప్రసాదు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. చివరికి వాళ్లిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఉగాదికి ప్రసాదు వస్తాడు. అప్పుడు నేను అతన్ని కూర్చోబెట్టుకుని తనకల్లు దాకా తిప్పి తీసుకురావాలి. అతనికి నమ్మకం కుదిరితే బండి ఇక్కడే ఉంటుంది. లేకపోతే బండీ పోతుంది, అక్కా పోతుంది. నేను ఎక్కడికి పోతానో ఎవరూ అనలేదు, అనక్కర్లేదు. మిషను దగ్గరికి.

జీవితంలో సైకిలు కూడా తొక్కనిదాన్ని డ్రైవింగు స్కూలులో చేరాను. పరీక్షకు డాక్టరమ్మ బండినే తీసుకుపోయాం. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని, స్టార్టు చెయ్యమ్మా అన్నాడు. అయ్యింది సార్ అన్నాను. చెయ్యమ్మా అన్నాడు మళ్లీ. నేను మెల్లగా కాలు వేసి కదిలించి చూపించేసరికి సీటు పట్టుకున్నాడు. అతని కంగారు చూసి నేను సిగ్నలు లైటు వెయ్యడం మరచిపోయాను. ఫెయిల్ చేశాడు. ఇంకోసారి పోయాను. ఈసారి అవసరమున్నా లేకపోయినా లైటు వేస్తూనే ఉన్నాను. పాస్ చేశాడు.

లైసెన్సు వచ్చింది గానీ ధైర్యం దాంతో పాటు రాలేదు. డాక్టరమ్మ పక్క సీట్లో ఉంటేనే బండి తీసేదాన్ని. ప్రతి మలుపులో, ప్రతి అడ్డరోడ్డులో ఆపి అడిగేదాన్ని. "రోడ్డు ఖాళీగా ఉందా డాక్టరమ్మా?" ఆమె నిదానంగా "ఉండాది, పో" అనేది. ఆ మాట వింటేనే నా కాలు కదిలేది. ఆమె పో అనకపోతే నేను పోయేదాన్ని కాదు. పండుగ దగ్గరపడే కొద్దీ అడగడం ఎక్కువైంది గానీ తగ్గలేదు.

ఉగాది మరునాడు ప్రసాదు వెనక సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటేదాకా బాగానే ఉన్నాడు. ఒక అడ్డరోడ్డులో అడిగాను, ఇంకో మలుపులో అడిగాను, తనకల్లు ఇవతల కూడలిలో మళ్లీ అడిగాను. అప్పుడు ముందుకు వంగాడు.

"అక్కా, ఈమె నడిపేది కాదు ఇది. నువ్వు నడిపిస్తాండావు. రేపు నీకు జ్వరమొస్తే ఈమె బండి తీస్తుందా?"

అతను చెప్పింది నిజం. డాక్టరమ్మ ఆ కూడలి పక్కనే ఉన్న చాయ్ అంగడి ముందర ఆపమంది. తలుపు తడుముకుని దిగింది. ప్రసాదును కూడా దిగమంది.

"ఓబుళమ్మా, డిక్కీలో ఉండే మందు గంగన్నకు ఇచ్చి రా."

"మీరు రాకుండానా?"

"నేను వచ్చినా రానట్లే. దసరా నుంచి నాకు పక్క రోడ్డు కనపడితే ఒట్టు."

నాకు అర్థం కాలేదు. "మరి ఖాళీగా ఉండాదని చెప్తాంటిరి గదా, ఇన్ని నెలలు?"

"నువ్వు అడిగేముందు రెండు పక్కలా తిరిగి చూస్తావు. నీ మెడలో గొలుసు గలగలమంటాది. ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి. రెండూ వినపడినాక ఉండాది పో అంటాంటి. ఒక పక్కే వినపడింటే నోరు తెరిచేదాన్నే కాదు. చూసేది ఎప్పుడూ నువ్వే మే ఓబుళమ్మా. నాకేం కనపడుతుందని?"

ప్రసాదు నోరు తెరిచి అక్కను చూస్తున్నాడు, ఇంతసేపూ తను ఎట్లాంటి బండిలో కూర్చున్నాడో ఇప్పుడే తెలిసినట్టు. నేను ఏడవాలో తిట్టాలో తెలియక తలుపు వేసుకున్నాను. కూడలిలో ఆపాను. పక్క సీటు ఖాళీగా ఉంది. ఎడమకు చూశాను, కుడికి చూశాను. గొలుసు నిజంగానే చప్పుడు చేస్తుంది, అంతకుముందు ఎప్పుడూ విననేలేదు. ఒక ట్రాక్టరు వస్తోంది, పోనిచ్చాను. తరువాత కాలు వేశాను.

గంగన్న నన్ను ఒక్కదాన్నే చూసి, డాక్టరమ్మ యాడ అని అడిగాడు. చాయ్ తాగుతాండాది అన్నాను. అది కూడా ఊరి పెద్దలు చెప్పినంత గొప్పగా చెప్పాను. మందు ఇచ్చి, బండి తిప్పుకుని, వచ్చిన దారినే తిరిగి వచ్చాను.

డాక్టరమ్మ బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. బండి తలుపు చప్పుడు వినగానే, "ఏం మే, ఇంతసేపా? గంగన్న ఇంట్లో సంగటి తిని వచ్చినావా?" అని దబాయించింది. ఆమె ముందర చాయ్ గ్లాసు నిండుగా ఉంది. మీద మీగడ కట్టి ముడతలు పడింది. అంగడామె నా చెవిలో, "ఒక్క గుక్క తాగలేదమ్మా. వేడి చేసి మళ్లీ ఇచ్చినా, అదీ అట్లే ఉండాది" అని చెప్పింది. ప్రసాదు మాత్రం తనది తాగి, రెండు బన్నులు కూడా తిని ఉన్నాడు. నా వైపు చూసి, బస్సు ఎన్ని గంటలకు ఉందని అడిగాడు. తిరుగు ప్రయాణానికి కారులో పోదామని బట్టలు కూడా సర్దుకుని వచ్చినవాడు.

ఆ తరువాత చాలా ఏండ్లు తిరిగాం మేమిద్దరం. చివరికి ఆమె చూపు పూర్తిగా పోయినా, గొర్రె పొట్ట మీద చెయ్యి వేసి చెప్పగలిగింది చెప్పేది, సూది మాత్రం నేను వేసేదాన్ని. పోయిన ఏడాది మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేవలేదు. అంతకుముందే ఆమె బండి నా పేరు మీద పెట్టించానని చెప్పినప్పుడు నేను వద్దన్నాను. "వద్దంటే పొట్టేలుకు రాసిస్తా" అంది.

ఇప్పుడు మన వీధిలో ఆడవాళ్లు కొందరు నా దగ్గర నేర్చుకుంటున్నారు. చేతులు కుదిరినాక ఒక్కొక్కరినీ తనకల్లు దారిలో ఆ కూడలికి తీసుకుపోతాను. అక్కడ నేను దిగిపోతాను, ఒక్కదానివే పోయి రా అంటాను. బండి మలుపు తిరిగి కనపడకుండా పోతుంది. చాయ్ చెప్పుకుని బల్ల మీద కూర్చుంటాను. వేడిగా ఉన్నప్పుడు తాగడం ఇంతవరకూ ఒక్కసారి కూడా నా వల్ల కాలేదు.